గొంతులో రెండు కదలికలు: ఒకటి నరం ఆజ్ఞ, ఇంకొకటి గాలి పని

గొంతులో మాటను పలికించే రెండు స్వరతంత్రుల్లో ఒకటి చచ్చుబడితే గొంతు పోతుంది, ఊపిరికి మాత్రం పెద్దగా ఇబ్బంది రాదు. రెండూ చచ్చుబడితే చాలాసార్లు గొంతు దాదాపు మామూలుగానే పలుకుతుంది, ఊపిరి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఈఎన్‌టీ వైద్యం కొత్తగా చదివేవాళ్లను మొదట తికమకపెట్టేది ఇదే. నష్టం రెట్టింపైతే గొంతు ఇంకా పాడవ్వాలి గదా, బాగుండటమేమిటి?

ఈ తంత్రులుండే స్వరపేటికలో జరిగే కదలిక ఒక రకానిది కాదు, రెండు రకాలు. తంత్రులు దగ్గరికి రావడం, దూరంగా జరగడం, సాగడం, కుదించుకోవడం మెదడు ఆజ్ఞతో కండరాలు చేసే పనులు. ఎంత వేగంగా మాట్లాడే మనిషిలోనైనా ఇవి సెకనుకు కొన్నిసార్లే జరుగుతాయి. దగ్గరికొచ్చిన తంత్రుల అంచులు సెకనుకు వందసార్లు, రెండు వందలసార్లు అదరడం రెండో రకం. ఆ అదురుకు ఏ నరమూ లెక్కపెట్టి ఆజ్ఞలివ్వదు, దాన్ని నడిపేది ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకున్నంతకాలం గొంతు ఎలా పుడుతుందో, ఎందుకు బొంగురుపోతుందో, ఏ వైద్యం దేనికో ఒక్కటీ సరిగ్గా అర్థం కాదు.

ముందు నిర్మాణం చూద్దాం. గడ్డం కింద మెడను తడిమితే వంపు తిరిగిన సన్నటి ఎముక తగులుతుంది. అది హయాయిడ్. శరీరంలో మరే ఎముకతోనూ కీలు కలవకుండా కండరాలు, పొరల మధ్యే నిలిచి ఉండే ఎముక ఇది. స్వరపేటిక దీని కింద వేలాడుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో ఇది మెడలోని మూడో వెన్నుపూస నుంచి ఆరో వెన్నుపూస దాకా ఉంటుంది. పసిపిల్లల్లో ఇంకా పైన ఉంటుంది. పాలు తాగుతూనే ముక్కుతో ఊపిరి తీయడం వాళ్లకు సులువు కావడానికి ఇదో కారణం. పిల్లలు ఎదిగేకొద్దీ స్వరపేటిక కిందికి దిగుతుంది.

దీని చట్రం తొమ్మిది మృదులాస్థులతో తయారైంది. మూడు ఒంటరివి, మూడు జతలు. అన్నిటికంటే పెద్దది థైరాయిడ్ మృదులాస్థి. రెండు పలకలు ముందువైపు కోణంగా కలుస్తాయి. మగవాళ్లలో ఆ కోణం సుమారు 90 డిగ్రీలు, ఆడవాళ్లలో సుమారు 120. కోణం ఎంత ఇరుకైతే అంచు అంత ముందుకు పొడుచుకొస్తుంది. మగవాళ్ల మెడ మీద కనిపించే కంఠమణి అదే. చాలామంది దీన్నే థైరాయిడ్ గ్రంథి అనుకుంటారు. గ్రంథి వేరు. అది ఇంకా కింద, శ్వాసనాళం ముందు అతుక్కుని ఉంటుంది.

థైరాయిడ్ మృదులాస్థి కింద క్రైకాయిడ్ ఉంటుంది. శ్వాసమార్గం మొత్తంలో వెనకా ముందూ మూసుకున్న పూర్తి వలయం ఇదొక్కటే. కింద శ్వాసనాళపు వలయాలన్నీ వెనకవైపు తెరుచుకునే ఉంటాయి. క్రైకాయిడ్ ముందువైపు సన్నగా, వెనకవైపు ఎత్తుగా ఉంటుంది. ఆ వెనకటి ఎత్తు మీద కుడికొకటి, ఎడమకొకటి ఆరిటినాయిడ్ మృదులాస్థులు కూర్చుంటాయి. అవి చిన్న పిరమిడ్ల ఆకారంలో ఉంటాయి. ఒక్కోదానికి ముందుకు పొడుచుకొచ్చిన ఒక మొన, పక్కకు పొడుచుకొచ్చిన ఒక మొన ఉంటాయి. ముందు మొనకు స్వరతంత్రి అతుక్కుంటుంది. పక్క మొనకు దాన్ని తిప్పే కండరాలు అతుక్కుంటాయి.

రెండు స్వరతంత్రుల ముందు కొసలూ థైరాయిడ్ కోణం లోపలివైపు దాదాపు ఒకేచోట పాతుకుని ఉంటాయి. అవి కదలవు. కదిలేవి ఆరిటినాయిడ్లకు అతుక్కున్న వెనక కొసలే. అందుకే ఊపిరి పీల్చేటప్పుడు పైనుంచి చూస్తే తంత్రుల మధ్య ఖాళీ త్రికోణంలా తెరుచుకుంటుంది. మాట్లాడేటప్పుడు సన్నటి గీతగా మూసుకుంటుంది. తంత్రి పొడవు మగవాళ్లలో సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, ఆడవాళ్లలో 12.5 నుంచి 17.5 మిల్లీమీటర్లు. దాన్ని ఐదు వంతులు చేస్తే ముందరి మూడు వంతులు మెత్తటి పొర, వెనకటి రెండు వంతులు మృదులాస్థి. ఈ మూడు, రెండు వంతుల లెక్క చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యమైనది. అదిరేది ముందు భాగం. ఊపిరి ఎక్కువగా సాగేది వెనక భాగం గుండా.

తంత్రులంటే వీణ తీగల్లా గాలిలో బిగించినవి కావు. స్వరపేటిక లోపలి గోడ నుంచి రెండు వైపులా లోపలికి పొడుచుకొచ్చిన మడతలు అవి. వాటికి కొంచెం పైన ఇంకో జత మడతలుంటాయి. వాటిని నకిలీ స్వరతంత్రులంటారు. మామూలు మాటలో వాటికి పనుండదు. టిబెట్ బౌద్ధ భిక్షువుల అతి మంద్ర మంత్రపఠనంలో మాత్రం అవీ అదురుతాయి.

స్వరపేటిక మాట కోసం పుట్టిన అవయవం కాదు. ఊపిరితిత్తులున్న చేపల్లోనే గాలి దారిలోకి నీళ్లు పోకుండా బిగించే కండరం ఒకటి కనిపిస్తుంది. మన గొంతులోనూ మొదటి పని ఆ కాపలాయే. మింగేటప్పుడు హయాయిడ్, దానితో పాటు స్వరపేటిక పైకీ ముందుకీ లేస్తాయి. ఎపిగ్లాటిస్ అనే ఆకు ఆకారపు మృదులాస్థి వెనక్కి వాలి పైన కప్పుతుంది. దాని కింద నకిలీ తంత్రులు, ఇంకా కింద అసలు తంత్రులు మూసుకుంటాయి. ఊపిరి ఆ క్షణం ఆగుతుంది. కాపలా అంతా ఎపిగ్లాటిస్‌దే అన్న అభిప్రాయం సరికాదు. క్యాన్సర్ ఆపరేషన్‌లో దాన్ని తీసేసినవాళ్లు కూడా అభ్యాసంతో మింగడం నేర్చుకుంటారు. ఆఖరి తలుపు స్వరతంత్రులదే.

అన్నం తింటూ మాట్లాడితే పొలమారేది ఇందుకే. మాట కోసం తంత్రుల మధ్య గాలి సాగుతున్న సమయంలో మెతుకు వచ్చి పడుతుంది. పెద్దవాళ్లు నెత్తిన తట్టి ఎవరో తలుచుకుంటున్నారంటారు. నిజానికి ఆ దగ్గే మనిషిని కాపాడుతోంది. తంత్రులు గట్టిగా బిగుసుకుని, కింద ఒత్తిడి పెరగనిచ్చి, ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి స్వరపేటికలో స్పర్శ పోతుంది. వాళ్లకు పొలమారినా దగ్గు రాదు. నీళ్లు, జావ తెలియకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఇంట్లో వాళ్లు భయపడాల్సింది దగ్గు వచ్చినప్పుడు కాదు, రావాల్సిన చోట రానప్పుడు.

ఇంకో మాట ఇక్కడే చెప్పుకోవాలి. గొంతు పోయినప్పుడు మిరియాల పాలు, తేనె, శొంఠి కషాయం తాగితే అవి స్వరతంత్రులను తాకి నయం చేస్తాయని చాలామంది నమ్మకం. మింగినదేదీ తంత్రులను తాకదు, తాకితే పొలమారుతుంది. గొంతు వెనక గోడకు వాటివల్ల హాయి కలగొచ్చు, అది నిజమే. తంత్రులను నేరుగా చేరేది మాత్రం పీల్చే గాలి, ఆవిరి. తాగిన నీళ్లు ఒంట్లోకి ఇంకి, తంత్రుల మీది పలచటి తడిని నిలబెడతాయి. ఆ తడి ఉంటే తక్కువ ఒత్తిడితోనే తంత్రులు అదరడం మొదలవుతుంది. కాబట్టి నీళ్ల పని నిజమే, దారి మాత్రం చుట్టుదారి.

బరువులు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి "ఊఁ" అనడం కూడా తంత్రుల పనే. అవి మూసుకుంటే ఛాతీలోని గాలి కదలకుండా నిలుస్తుంది. చేతులకు, నడుముకు పట్టు దొరుకుతుంది. పురిటి నొప్పుల్లో ముక్కడానికీ ఇదే ఆధారం.

ఇక కండరాలు. తంత్రులను తెరిచే కండరం ఒక్క జతే, పోస్టీరియర్ క్రైకోఆరిటినాయిడ్. క్రైకాయిడ్ వెనక నుంచి బయల్దేరి ఆరిటినాయిడ్ పక్క మొనను వెనక్కి లాగుతుంది. ముందు మొన బయటికి జరుగుతుంది, తంత్రి తెరుచుకుంటుంది. మనిషి ఊపిరి తీసే ప్రతిసారీ, నిద్రలో కూడా, ఈ కండరం కొద్దిగా పని చేస్తూనే ఉంటుంది. మూసేవి మాత్రం ఒకటి కంటే ఎక్కువ. లేటరల్ క్రైకోఆరిటినాయిడ్ ముందు మొనలను ఒకదానికొకటి చేరుస్తుంది. ఇంటర్ ఆరిటినాయిడ్ వెనక భాగాన్ని దగ్గరికి లాగుతుంది. తంత్రి లోపలే ఉండే థైరోఆరిటినాయిడ్ దాన్ని కుదించి లావు చేస్తుంది. తెరవడానికి ఒకటి, మూయడానికి ఇన్ని. కాపలా పనికి మొదటి స్థానం ఉన్న అవయవంలో ఇది వింత కాదు.

ఆరిటినాయిడ్ నిలువు ఇరుసు మీద తలుపులా తిరుగుతుందని చాలాకాలం బోధించారు. ఆ కీలు ఏటవాలుగా ఉంటుంది. మూసుకునేటప్పుడు ఆరిటినాయిడ్ లోపలికి, కిందికి, ముందుకు ఒరుగుతుంది. తెరుచుకునేటప్పుడు బయటికి, పైకి, వెనక్కి ఒరుగుతుంది. ఒరగడమే అసలు కదలిక, తిరగడం దానిలో కొంత భాగమే.

మిగిలింది క్రైకోథైరాయిడ్. మిగతావన్నీ స్వరపేటిక లోపల ఉంటే ఇదొక్కటే బయట ఉంటుంది. దీని పని వేలితో తెలుసుకోవచ్చు. కంఠమణి కింద చిన్న గాడి తగులుతుంది, థైరాయిడ్‌కూ క్రైకాయిడ్‌కూ మధ్య ఖాళీ అది. అక్కడ వేలు పెట్టి మంద్ర స్థాయి నుంచి పై స్థాయికి మెల్లగా రాగం తీస్తే ఆ గాడి ఇరుకవుతుంది. రెండు మృదులాస్థులూ ముందువైపు దగ్గరవుతుంటే వెనకవైపు ఆరిటినాయిడ్లు దూరమవుతాయి. తంత్రులు సాగి పలచబడి బిగుసుకుంటాయి. శ్రుతి పెరుగుతుంది.

ఈ కండరాలకు ఆజ్ఞ తెచ్చేవి మెదడు నుంచి దిగే వేగస్ అనే నరపు శాఖలు. క్రైకోథైరాయిడ్‌కు సుపీరియర్ లారింజియల్ నరపు బయటి శాఖ. మిగిలిన అన్నిటికీ రికరెంట్ లారింజియల్ నరం. రెండో దాని దారి విచిత్రమైనది. మెడలోంచి దిగే వేగస్ నరం స్వరపేటికను దాటి కిందికి పోయాక ఈ శాఖ విడిపోతుంది. కుడివైపు సబ్‌క్లేవియన్ ధమని కిందుగా, ఎడమవైపు ఏకంగా ఛాతీలోకి దిగి గుండె నుంచి వచ్చే మహాధమని వంపు కిందుగా చుట్టి, మళ్లీ పైకి ఎక్కి స్వరపేటికను చేరుతుంది. చేపల్లో ఇదే నరం మొప్పల రక్తనాళాల వెనకగా నేరుగా పోతుంది. మెడ ఏర్పడి, గుండె కిందికి జారేకొద్దీ ఆ రక్తనాళంతో పాటు నరమూ కిందికి సాగిపోయింది. జిరాఫీలో ఈ దారి కొన్ని మీటర్ల పొడవు. కొత్తగా గీసుకుంటే ఎవరూ ఇలా గీయరు. పాత శరీరం మీదే కొత్త శరీరాన్ని పేర్చుకుంటూ వచ్చిన పరిణామ క్రమానికి ఇంత స్పష్టమైన గుర్తు మన ఒంట్లో తక్కువ చోట్లే కనిపిస్తుంది.

ఈ నరాన్ని క్రీస్తు శకం రెండో శతాబ్దంలో రోమ్‌లో గాలెన్ అనే వైద్యుడు బహిరంగంగా చూపించాడు. అరుస్తున్న పంది మెడలో ఈ నరాలను బిగిస్తే అరుపు ఆగిపోయేది. మాట గుండె నుంచి పుడుతుందన్న అప్పటి నమ్మకానికి అది గట్టి దెబ్బ.

ఎడమ నరం ఛాతీలోకి దిగడం వల్ల గొంతు కొన్నిసార్లు గొంతుకు దూరంగా ఉన్న జబ్బును బయటపెడుతుంది. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్, మహాధమని ఉబ్బు, గుండె కవాటం ఇరుకై ఎడమ కర్ణిక పెరిగిపోవడం, వీటిలో ఏదైనా ఆ నరాన్ని నొక్కితే మొదట కనిపించే లక్షణం బొంగురు గొంతే కావచ్చు. గుండె వల్ల గొంతు పోవడాన్ని 1897లో ఓర్ట్‌నర్ అనే వైద్యుడు వర్ణించాడు. థైరాయిడ్ గ్రంథి ఆపరేషన్‌లో రెండు వైపుల నరాలూ కత్తికి అందేంత దగ్గరలో ఉంటాయి. వందలో ఒకరి కంటే తక్కువమందిలో కుడి నరం కిందికి దిగకుండా నేరుగా స్వరపేటికకు వస్తుంది. సర్జన్ ఎదురుచూడని చోట అది ఎదురవుతుంది.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఒక నరం తెగితే ఆ వైపు తంత్రి మధ్య గీతకు కొంత దూరంలో ఆగిపోతుంది. రెండో తంత్రి వచ్చి దాన్ని అందుకోలేదు. మధ్యలో సందు మిగిలిపోతుంది, గాలి వృథాగా పోతుంది, గొంతు గాలిగొంతు అవుతుంది. ఊపిరి తీసేటప్పుడు బాగున్న తంత్రి తెరుచుకుంటుంది కాబట్టి శ్వాసకు లోటుండదు. రెండు నరాలూ తెగితే రెండు తంత్రులూ చాలాసార్లు మధ్య గీతకు దగ్గరగానే నిలిచిపోతాయి. మాటకు కావలసిన దగ్గరితనం ఉంది. అదరడానికి నరం అవసరం లేదు. గాలి వస్తే చాలు, అవి అదురుతాయి, గొంతు పలుకుతుంది. తెరిచే కండరానికి మాత్రం ఆజ్ఞ లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ సన్నటి సందులోంచి గాలి ఈల వేసినట్టు పోతుంది. మెట్లెక్కితే చాలు, ఉక్కిరిబిక్కిరి. అలాంటి వాళ్లలో కొందరికి మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి వస్తుంది. "గొంతు బాగానే ఉందిగా" అని ఇంట్లో వాళ్లు ధైర్యంగా ఉండే జబ్బు ఇది. అందుకే ప్రమాదం ఎక్కువ.

నరం అవసరం లేకుండా తంత్రులు అదురుతాయన్నది ఒకరోజులో తేలిన సంగతి కాదు. 1741లో ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ ఫెరాన్ శవాల స్వరపేటికల్లోకి గాలి ఊది ధ్వని పుట్టించాడు. తంత్రులను వయొలిన్ తీగలతో, గాలిని కమానుతో పోల్చాడు. పోలిక తప్పినా ప్రయోగం గొప్పది. ప్రాణం లేని గొంతు పలికిందంటే అక్కడ పని చేసింది నరం కాదు గదా. బతికున్న మనిషి తంత్రులను చూసే దారి 1854లో దొరికింది. సంగీత గురువు మాన్యువల్ గార్సియా పళ్ల డాక్టర్ల చిన్న అద్దాన్ని గొంతు వెనక పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను లోపలికి మళ్లించి తన గొంతును తానే చూసుకున్నాడు. మరుసటి ఏడు లండన్‌లోని రాయల్ సొసైటీకి వివరం అందజేశాడు. ఆయన వైద్యుడు కాదు, పాట నేర్పే మనిషి. తన శిష్యుల గొంతుల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న తపన ఆయనను అక్కడికి తీసుకెళ్లింది.

అద్దంలో తెరుచుకోవడం, మూసుకోవడం కనిపిస్తుంది గానీ అదురు కనిపించదు. కంటికది మసకగా ఉంటుంది. 1878లో ఊర్టెల్ అనే వైద్యుడు మెరిసి ఆరే వెలుగును వాడాడు. అదురు వేగానికి కొంచెం తేడాగా వెలుగు మెరిస్తే ఒక్కో మెరుపులో తంత్రి ఒక్కో స్థితిలో దొరుకుతుంది. కన్ను వాటిని కలిపి నెమ్మదైన కదలికగా చూస్తుంది. నేటి ఈఎన్‌టీ క్లినిక్‌లలోని స్ట్రోబోస్కోపీ దీని కొనసాగింపే.

ఇంత జరిగాక 1950లో పారిస్‌లో రావూల్ హ్యూసోన్ అనే పరిశోధకుడు ఎదురు వాదన తెచ్చాడు. ప్రతి ఒక్క కంపనానికీ మెదడు నుంచి నరం ద్వారా ఒక్కో ఆజ్ఞ వస్తుందన్నాడు. ఆ వాదన కొన్నేళ్లు గట్టిగానే చర్చకు నిలిచింది. నిలవలేకపోయిన కారణాలు గమనించాల్సినవి. ఎడమ నరం కుడి నరం కంటే పొడవు, అందువల్ల ఎడమవైపు ఆజ్ఞ రెండు మూడు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 200 సార్లు అదిరే తంత్రికి ఒక కంపనం మొత్తం పట్టేది 5 మిల్లీసెకన్లు. ఆజ్ఞ లెక్కన అదిరితే రెండు తంత్రులూ ఎప్పటికీ జత కలవవు. మెడకు రంధ్రం చేసి గాలి ఆ దారిన బయటికి పోనిచ్చినవాళ్లకు నరాలన్నీ బాగున్నా గొంతు రాదు, రంధ్రాన్ని వేలితో మూస్తే వస్తుంది. 1958లో నెదర్లాండ్స్‌లోని క్రోనింగెన్‌లో యాన్‌విల్లెమ్ వాన్ డెన్ బెర్గ్ వీటన్నిటినీ కలిపి వివరించాడు. కండరాలు తంత్రులను దగ్గరికి చేర్చి బిగువును నిర్ణయిస్తాయి, అదరడం గాలి ఒత్తిడికీ తంత్రి సాగే గుణానికీ మధ్య జరిగే వ్యవహారం.

అది జరిగే తీరు ఇలా ఉంటుంది. మూసుకున్న తంత్రుల కింద గాలి ఒత్తిడి పెరుగుతుంది. తంత్రుల కింది అంచులు ముందు విడిపోతాయి, తర్వాత పై అంచులు. గాలి దూసుకుపోతుంది. వేగంగా పోయే గాలి దగ్గర ఒత్తిడి తగ్గుతుంది, సాగిన తంత్రి తన బిగువుతో వెనక్కి వస్తుంది. మళ్లీ కింది అంచులే ముందు కలుస్తాయి, తర్వాత పై అంచులు. కిందినుంచి పైకి ఒక అలలా సాగే ఈ వరుస వల్లే గాలి నుంచి ప్రతి కంపనంలోనూ కొంత శక్తి తంత్రికి అందుతుంది. లేకపోతే రెండు మూడు అదురులతోనే ఆగిపోయేది. పసిపిల్లలు పెదవులు బిగించి గాలి ఊది బుర్రుమనిపిస్తారే, పెదవులను సెకనుకు అన్నిసార్లు తెరిచి మూస్తున్నది ఆ పిల్ల ముఖ కండరాలు కావు. ఇక్కడా అంతే. మామూలు మాటకు తంత్రుల కింద కావలసిన ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం, అంతే. గొంతు పెంచి అరిచినప్పుడు ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఆ అల పుట్టడానికి తంత్రి పైపొర వదులుగా ఉండాలి. 1974లో జపాన్‌కు చెందిన మినోరు హిరానో తంత్రి లోపలి పొరలను వివరించాడు. పైన పలచటి చర్మం లాంటి పొర, దాని కింద జిగురులా మెత్తటి పొర, తర్వాత సాగే పోగుల పొర, గట్టి పోగుల పొర, అన్నిటికంటే లోపల కండరం. పైవి రెండూ లోపలి కండరం మీద జారుతూ అలలాడతాయి. ఈ పొరలు పుట్టుకతో రావు. పసిపిల్లల తంత్రిలో పోగుల పొరలు విడిగా ఉండవు. కౌమారం ముగిసేసరికి ఏర్పడతాయి. ఆ వయసులోనే మగపిల్లల్లో తంత్రులు బాగా పొడుగై శ్రుతి సుమారు ఒక స్థాయి మొత్తం పడిపోతుంది. ఆడపిల్లల్లో తగ్గేది రెండు మూడు స్వరస్థానాలే.

మెత్తటి పొర ఎంత సున్నితమో లెక్క వేస్తే తెలుస్తుంది. సెకనుకు 200 కంపనాల గొంతున్న టీచర్ గంట పాఠంలో అరగంట పాటు మాత్రమే నిజంగా గొంతు పలికించినా ఆమె తంత్రులు 3,60,000 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. ఫ్యాను చప్పుడు, పక్క గది చప్పుడు మించి అరుస్తూ చెబితే ఆ తాకిడి ఇంకా గట్టిది. అదిరే భాగం మధ్యలో, తాకిడి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చోట, రెండు వైపులా చిన్న బొడిపెలు కడతాయి. వాటికి విశ్రాంతి, గొంతు వాడే తీరు మార్చుకోవడం మొదటి వైద్యం, కత్తి కాదు. వేల మంది టీచర్లు ఉద్యోగంలో భాగంగా గొంతు అరగదీసుకుంటున్నారు. తరగతి గదిలో చిన్న మైకు ఇవ్వడం దుబారా అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. పొగ తాగేవాళ్లలో అదే మెత్తటి పొరలో నీరు చేరి తంత్రి ఉబ్బుతుంది, గొంతు మోటుపడుతుంది. అంతకంటే ముఖ్యమైనది క్యాన్సర్. స్వరతంత్రి అంచు మీద పుట్టే క్యాన్సర్ చిన్నగా ఉండగానే గొంతు మారుస్తుంది. అక్కడ లింఫు నాళాలు తక్కువ కాబట్టి పాకడమూ ఆలస్యం. తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటున్న మనిషికి మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే, జలుబని సరిపెట్టుకోకుండా తంత్రులను చూపించుకోవాలి.

సంగీతం తెలిసినవాళ్లకు రెండు కదలికలు ఒకే చోట వినిపిస్తాయి. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మధ్యస్థాయి షడ్జమం సెకనుకు సుమారు 131 కంపనాలు. ఐదో శ్రుతిలో పాడే గాయని షడ్జమం సుమారు 196. ఇది గాలి చేసే పని. ఆ స్వరం మీద వేసే కంపిత గమకం సెకనుకు కొన్నిసార్లే ఊగుతుంది. అది క్రైకోథైరాయిడ్, థైరోఆరిటినాయిడ్ కండరాలు బిగువును మారుస్తూ చేసే పని, ఏళ్ల తరబడి సాధనతో నరానికి నేర్పిన పని. సాధన మార్చేది రెండోదాన్నే. మొదటిది ఎవరి ఆజ్ఞా వినదు.

అక్షరాల్లోనూ ఇదే ఉంది. క, త పలికేటప్పుడు తంత్రులు తెరుచుకుంటాయి, అదురు ఆగుతుంది. గ, ద పలికేటప్పుడు నోటి పని అదే, తంత్రులు మాత్రం కలిసే ఉండి అదురుతుంటాయి. ఖలో నాలుక విడివడే క్షణానికి తంత్రులు బాగా తెరుచుకుని ఉంటాయి. ఘలో అదురుతూనే కొంత గాలిని వదులుతాయి. తెలుగునాట వేదాధ్యయనంలో ఎక్కువగా కనిపించే తైత్తిరీయ శాఖ ప్రాతిశాఖ్యం, అంటే ఆ శాఖ ఉచ్చారణ నియమాల గ్రంథం, ఈ సంగతిని అద్దం, వెలుగు ఏవీ లేని కాలంలో సూత్రాలుగా చెప్పింది: కంఠం మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాస, ఆ రెండిటికీ నడుమ ఉంటే హకారం. చెవినే పరికరంగా చేసుకుని ఇంత దూరం వెళ్లడం ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. తెలుగు సంధుల్లోనూ స్వరపేటిక జాడ ఉంది. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. రెండు అచ్చుల మధ్య తంత్రులను తెరిచి మళ్లీ మూసే బదులు అదరనిస్తే త దకారమవుతుంది, క గకారమవుతుంది.

రెండు కదలికలనూ విడదీసి చూడటం వల్ల వైద్యం మారింది. ఒక తంత్రి చచ్చుబడిన వాళ్లకు జపాన్‌కు చెందిన నొబుహికో ఇస్షికి 1970లలో ఒక ఆపరేషన్‌ను తీర్చిదిద్దాడు. థైరాయిడ్ పలకకు చిన్న కిటికీ తెరిచి, అందులోంచి చిన్న దిమ్మెను లోపలికి నెట్టి కదలని తంత్రిని మధ్యకు జరుపుతారు. మత్తు మెడకు మాత్రమే ఇస్తారు. మనిషి మాట్లాడుతుంటే సర్జన్ వింటూ దిమ్మెను సరిచేస్తాడు. నరం తిరిగి రాదు, తంత్రి తనంతట కదలదు. అయినా రెండో తంత్రి వచ్చి తాకగానే రెండూ అదురుతాయి, అక్కడికక్కడే గొంతు వస్తుంది.

దీనికి తలకిందుల సమస్య కొందరు కుర్రాళ్లది. కంఠమణి వచ్చింది, తంత్రులు పొడుగయ్యాయి, నరాలు బాగున్నాయి, గొంతు మాత్రం చిన్నపిల్లల గొంతులాగే ఉండిపోతుంది. వైద్యులు దీన్ని ప్యూబర్‌ఫోనియా అంటారు. కాలేజీలో ఆడగొంతని ఏడిపిస్తారు. ఫోన్‌లో "అమ్మా, నాన్నగారున్నారా" అని అడుగుతారు. కొందరు మాట్లాడటమే మానేస్తారు. ఇది మగతనానికి సంబంధించిన లోపం కాదు, హార్మోన్ల లోపమూ చాలామందిలో కాదు. పెరిగిన తంత్రులను క్రైకోథైరాయిడ్ పాత అలవాటు ప్రకారం సాగదీసే ఉంచుతోంది, అంతే. స్పీచ్ థెరపిస్టు థైరాయిడ్ మృదులాస్థిని వేలితో మెల్లగా వెనక్కి నొక్కి "ఆ" అనమంటారు. తంత్రులు వదులవుతాయి, చాలామందిలో అక్కడికక్కడే మగగొంతు పలుకుతుంది. వేలు తీశాక కూడా ఆ గొంతును నిలుపుకోవడం మిగిలిన పని. చాలామందికి కొన్ని వారాల అభ్యాసంతోనే అది కుదురుతుంది, ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే.